ఆవకాయ కలిపిన రోజు

పొద్దున్న ఆరున్నరకి ఫోన్ మోగింది. నేను పెరట్లో గాబు పక్కన కూర్చుని మామిడికాయలు తుడుస్తున్నాను, అమ్మ ఒక్కో కాయా ముచ్చిక దగ్గర నొక్కి చూసి మెత్తబడ్డవి పప్పులోకని పక్కన పడేస్తోంది. ఫోన్ కెనడా నుంచి, మా అన్నయ్య కూతురు. అక్కడ రాత్రి తొమ్మిది. మామూలుగా ఆ టైముకి అది నిద్రలో ఉండాలి, తెల్లారి అయిదింటికే లేచి స్కేటింగ్ రింకుకి పోవాలి కాబట్టి.

"అత్తా, నువ్వు నా ఏజ్‌లో ఎంత హైట్ ఉన్నావు?"

ఎలా ఉన్నావు లేదు, తిన్నావా లేదు. ఎందుకే అంటే, స్కేటింగ్‌లో కొత్త జత కోసం ఒక అబ్బాయితో ట్రైఅవుట్ ఉందట, ఆ అబ్బాయి కోచ్ అడిగాడట, ఈ పిల్ల ఇంకా ఎంత పెరుగుతుంది అని. "నాన్న టాల్, అమ్మ షార్ట్. అందరూ నేను నీలా ఉంటానంటారు కదా. అందుకని నీది కావాలి." నాకేం గుర్తుంటుంది, పదిహేనేళ్ళప్పుడు ఎంత ఉన్నానో. చూసి చెప్తాను పడుకో అన్నాను. చూసి చెప్తాను అని ఎందుకన్నానో ఫోన్ పెట్టాక తట్టింది. సామాన్ల గది ద్వారబంధం మీద మా పెన్సిలు గీతలు ఉన్నాయి.

ఇది రాసుకోవాలనిపించింది, అందుకే రాస్తున్నాను.

మా మేనకోడలు చేసేది పెయిర్ స్కేటింగ్. ఐస్ మీద అబ్బాయీ అమ్మాయీ కలిసి చేసేది. ఇక్కడ ఎవరికైనా చెబితే "డాన్సా" అంటారు. డాన్స్ కాదు, ఐస్ డాన్స్ అని ఇంకోటి ఉంది, అందులో అమ్మాయిని తలపైకి ఎత్తకూడదు, విసరకూడదు. ఇందులో రెండూ చెయ్యాలి. అబ్బాయి అమ్మాయిని ఒంటిచేత్తో నెత్తి మీదికి ఎత్తుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ వెళ్తాడు. నడుం పట్టుకుని పైకి విసిరేస్తే ఆ పిల్ల గాల్లో మెలికలు తిరిగి మళ్ళీ అతని చేతుల్లోనే పడాలి. ఇంకోటి, అతను విసిరితే ఇది గాల్లో తిరిగి దూరంగా వెళ్ళి ఒంటికాలి మీద దిగాలి. తలకి హెల్మెట్ ఉండదు. రింకు 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, అంతా రాయిలాంటి ఐసు. ఒకసారి దాని తుంటి మీద కమిలిన మచ్చ ఫోటో పంపింది, గొప్పగా. మా అమ్మకి చూపించలేదు.

అమ్మకి చూపించి తిట్లు తిన్నది డెత్ స్పైరల్ వీడియో. అబ్బాయి ఒక కాలి మొన ఐసులో గుచ్చి నిలబడి చెయ్యి పట్టుకుంటే, అమ్మాయి వెనక్కి వాలిపోయి, జడ ఐసుకి రాసుకునేంత కిందకి వచ్చి అతని చుట్టూ తిరుగుతుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది. పేరు చెప్పగానే అమ్మ, "అదేం పేరే, పిల్లలు ఆడుకునేదానికి చావు పేరు పెట్టుకోవడం, మంచి పేరే దొరకలేదా" అని ఆ రోజంతా సణిగింది. వాళ్ళ కోచ్‌కి ఈ మాట చెబితే నవ్వాడట.

పన్నెండేళ్ళప్పుడు మొదలైంది ఈ జంట. అప్పటిదాకా ఇది ఒక్కతే చేసేది, జంపులు మరీ గొప్పగా వచ్చేవి కావు. క్లబ్బులో పదిహేనేళ్ళ కుర్రాడు ఒకడికి జత కావాలన్నారు. ఈ ఆటలో అమ్మాయిలు బోలెడుమంది, అబ్బాయిలే దొరకరు. మా పిల్లని చూసి ఎంచుకున్నారు. ఎందుకూ అంటే చిన్నగా ఉంది, తేలిగ్గా ఉంది, పడితే ఏడవదు. అన్నయ్య ఆ రోజు ఫోన్ చేసి "సంబంధం కుదిరింది" అన్నాడు, నవ్వుతూనే. మూడేళ్ళు. ఆ అబ్బాయి మా అన్నయ్య వాళ్ళింట్లో తినడం, వీళ్ళ కారులో అతను రావడం, చలికాలం చీకట్లో ఇద్దరూ వెనక సీట్లో నిద్రపోవడం. వదిన వాడికి పెరుగన్నం, ఆవకాయ అలవాటు చేసింది. పోయినేడు మేం పంపిన జాడీలో సగం వాడే తిన్నాడట.

ఈ సంవత్సరం ఇది ఒక్కసారిగా మూడంగుళాలు పెరిగింది. ఇప్పుడు 5 అడుగుల 3 అంగుళాలు. మన లెక్కలో పొట్టి కాదు, పొడుగూ కాదు. కానీ మూడంగుళాలు పెరిగితే గాల్లో తిరిగే లెక్క మొత్తం మారిపోతుందట. కాళ్ళు పొడుగైతే తిరగడం నెమ్మదిస్తుంది, బరువు ఉండే చోటు మారుతుంది, అతను పట్టుకోవాల్సిన క్షణానికి నడుం అక్కడ ఉండదు. చలికాలమంతా ఇద్దరూ పడుతూనే ఉన్నారు. సీజన్ అయిపోగానే ఆ అబ్బాయి తాలూకు వాళ్ళు వచ్చి చాలా మర్యాదగా మాట్లాడి వెళ్ళారట. ఇప్పుడు అతను పదకొండేళ్ళ పిల్లతో చేస్తున్నాడు. అతని మీద నాకేం కోపం లేదు, భుజం నొప్పితో వాడు ఎన్ని రాత్రులు ఐసుగడ్డ పెట్టుకున్నాడో వదిన చెప్పింది.

అమ్మకి మాత్రం ఇది ఎంతకీ ఎక్కదు. "ఎదగడం తప్పేంటే? ఎదగకపోతే కదా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం?" అంటుంది. ఈరోజు కూడా ఆవాలు జల్లిస్తూ అదే. తర్వాత, మా నాన్న ఉన్నప్పటి ఎడ్ల సంగతి ఎత్తింది. దాపటెద్దు చచ్చిపోతే వలపటిదానికి సరిజోడు కోసం ఎన్ని సంతలు తిరిగారో, ఎత్తు కలిస్తే నడక కలవకపోవడం, నడక కలిస్తే ఎత్తు కలవకపోవడం. పోలిక బానే ఉంది, కానీ నేను దాన్ని కెనడాకి చేరవెయ్యను.

నాకైతే ఎడ్లు కాదు, పెళ్ళిచూపులు గుర్తొస్తాయి. ట్రైఅవుట్ అంటే అచ్చంగా అదే. అబ్బాయి ఉన్న ఊరికి వీళ్ళు వెళ్తారు. రెండు మూడు రోజులు కలిసి స్కేట్ చేస్తారు, ముందు చేతులు పట్టుకుని ఊరికే రౌండ్లు, తర్వాత నేల మీద పరుపులు వేసి ఎత్తడం, తర్వాత ఐసు మీద. కోచ్‌లు గోడకి ఆనుకుని చూస్తారు. తల్లిదండ్రులు కాఫీ తాగుతూ ఒకళ్ళనొకళ్ళు అంచనా వేసుకుంటారు. ఇంటికెళ్ళి కబురు చేస్తాం అంటారు. నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. నాకు తప్పిపోయిన సంబంధాల్లో నాలుగు నా పొడుగు వల్లే. అందులో ఒకటి, అబ్బాయి లేచి నిలబడి నన్ను చూసి మళ్ళీ కూర్చుండిపోయాడు. ఇప్పుడు నవ్వుతాం గానీ ఆ వయసులో నవ్వురాదు. అందుకే అది "హైట్ ఎంత" అని అడిగితే నాకు కడుపులో ఎక్కడో కలుక్కుమంది.

దీని పుణ్యమా అని రెండేళ్ళుగా రాత్రిళ్ళు పాత వీడియోలు చూడ్డం అలవాటైంది. గోర్దీవా, గ్రింకోవ్ అని రష్యన్ జంట. కలిపినప్పుడు గోర్దీవాకి పదో పదకొండో ఏళ్ళే. 1988లో కాల్గరీ ఒలింపిక్స్‌లో గెలిచేనాటికి పదహారు. తర్వాత పెళ్ళి చేసుకున్నారు, 1994లో మళ్ళీ గెలిచారు, ఆ మరుసటేడు నవంబరులో ప్రాక్టీసు చేస్తుండగానే అతను గుండె ఆగి పోయాడు, 28 ఏళ్ళకి. కొన్ని నెలలకి ఆవిడ ఒక్కతే ఐసు మీదికి వచ్చి చేసింది. ఆ వీడియో ఒక్కసారి చూశాను, చాలు. ఇప్పుడైతే పదహారేళ్ళకి పెద్దవాళ్ళ పోటీల్లోకి రానివ్వరు, 2024–25 సీజన్ నుంచి పదిహేడు నిండాలి. మంచి పని చేశారని నా అభిప్రాయం. మా పిల్లకి కాస్త టైము దొరికింది కూడా.

నాకు ఇష్టమైన కథ మాత్రం చైనా వాళ్ళది. యావో బిన్ అని, 1980 ప్రపంచ పోటీలకి తన జతతో వెళ్తే చిట్టచివర వచ్చారు, జనం నవ్వారట. వాళ్ళకి నేర్పేవాళ్ళు లేరు, ఫోటోలు చూసి నేర్చుకున్నారు. ఫోటోలో పైకి ఎత్తడం కనిపిస్తుంది గానీ ఎలా ఎత్తారో, ఎలా దించారో కనిపించదు కదా! ఆయనే తర్వాత కోచ్ అయ్యి, హార్బిన్ పిల్లలు షెన్ షుయె, ఝావో హోంగ్బోలని తయారు చేశాడు. వాళ్ళు రెండు ఒలింపిక్స్‌లో కంచుతో సరిపెట్టుకుని 2010లో వాంకూవర్‌లో బంగారం కొట్టారు. అప్పటికి ఝావోకి 36. ఈ ముప్ఫై ఏళ్ళ కథ నేను మా పిల్లకి కనీసం మూడుసార్లు చెప్పాను. మూడోసారి "తెలుసత్తా" అంది. ఆ తర్వాత స్టెలాటో-డూడెక్ పేరు ఎత్తాను, పదహారేళ్ళు ఆట మానేసి, తిరిగొచ్చి, 2024లో 40 ఏళ్ళ వయసులో మాంట్రియల్‌లో కెనడా తరఫున ప్రపంచ విజేత అయిన ఆవిడ. దానికి "అంటే నేను ఇంకో ఇరవై అయిదేళ్ళు ఆగాలా?" అంది. పదిహేనేళ్ళ పిల్లకి నలభై ఏళ్ళావిడని చూపించడం నా తెలివితక్కువ.

ఊళ్ళో కొందరు మనకెందుకీ మంచు ఆటలు అంటారు. ఐసు లేకపోయినా మనవాళ్ళు చేశారు. 2010లోనే గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా, అవనీ పంచాల్‌తో కలిసి చక్రాల స్కేట్ల మీద పెయిర్స్‌లో కాంస్యం తెచ్చాడు. అది ఎంతమందికి తెలుసు? నాకూ పిల్ల దీన్లో పడ్డాకే తెలిసింది, కాబట్టి ఎవర్నీ అనను.

సరే, ఆవకాయ. ముక్కలు కొట్టడానికి వచ్చినతను "ఆయ్, టెంక గట్టిగా ఉందండి, మంచి కాయండి" అని మెచ్చుకుంటూనే కత్తి మొద్దుబారిందని రెండుసార్లు నూరాడు. కొత్తపల్లి కొబ్బరి కాయలే అమ్మకి నచ్చుతాయి, పుల్లగా, పీచుతో. జీడి తీసి, లోపలి పొర గుడ్డతో తుడవడం నా పని, నడుం పడిపోయింది. కాలువలు కట్టేశారు కదా, ఎండిపోయిన కాలువలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు, వాళ్ళ బంతి రెండుసార్లు మా పెరట్లో పడింది, రెండోసారి ఆవపిండి బేసినుకి జానెడు దూరంలో. అమ్మ ఇంక బంతి ఇవ్వలేదు. పప్పునూనె పోసి కలిపేటప్పుడు ఆవిడ ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వదు, నేను జాడీ పట్టుకోవడమే.

పన్నెండింటికి స్నానం చేసి టేపు తీసుకుని సామాన్ల గదికి వెళ్ళాను. ఇంటికి ఎన్నిసార్లు రంగులు వేయించినా ఆ ద్వారబంధానికి మాత్రం అమ్మ వేయనివ్వలేదు. ఎడమపక్క అన్నయ్యవి, కుడిపక్క నావి, ప్రతి సంక్రాంతికీ ఒక గీత, పక్కన అమ్మ చేతిరాతతో వయసు. అన్నయ్యవైపు కింద, కాస్త కొత్తగా, మా మేనకోడలిది ఒకటే గీత, ఎనిమిదేళ్ళప్పుడు వచ్చినప్పటిది. నాది పదిహేను దగ్గర 5 అడుగుల 5 అంగుళాలు. పదహారు దగ్గర 5 అడుగుల 6. అంటే పదిహేను తర్వాత నేను మొత్తం మూడంగుళాలు పెరిగాను. అది నాలాగే అయితే 5 అడుగుల 6 దాకా పోతుంది. కోచ్ వినాలనుకునే లెక్క కాదు.

అమ్మ గుమ్మంలోకి వచ్చి విషయం కనుక్కుంది. కాసేపు ఆ గీతలకేసే చూసి, "ఓ రెండంగుళాలు తగ్గించి చెప్పవే. ఎవడొచ్చి కొలుస్తాడు" అంది. నా పెళ్ళిచూపులప్పుడూ ఇదే మాట. అయిదడుగుల ఆరే అని చెప్పించింది, చెప్పులు లేకుండా నడిపించింది, వాళ్ళు రాగానే నన్ను కూర్చోబెట్టేది.

నేను టేపు పెట్టి ఫోటో తీసి పంపేశాను. తగ్గించలేదు. పంపాక భయం వేసింది, పోనీ పదిహేనుది ఒక్కటే పంపి ఉండాల్సిందేమో అని. అక్కడ అర్ధరాత్రి దాటింది, తీసెయ్యడానికి టైముంది. తీసెయ్యలేదు, నిద్రపోయాను.

మూడింటికి లేచేసరికి మెసేజ్ వచ్చి ఉంది. అక్కడ తెల్లవారుజాము అయిదున్నర, రింకుకి పోతూ కారులోంచి పెట్టింది. జత లేకపోయినా రోజూ వెళ్తోంది, ఒక్కతే రౌండ్లు కొట్టుకుంటోంది. కోచ్‌కి ఫోటో ఫార్వర్డ్ చేసిందట, ఉన్నదున్నట్టే. కింద ఇంకో లైను:

"అత్తా, సిక్స్‌టీన్ తర్వాత నీ గీతలు లేవేంటి?"

అమ్మని అడిగాను. ఆవిడ జాడీ అంచుకి అంటిన నూనె తుడుస్తోంది. విననట్టే ఊరుకుంది. తర్వాత, వాసెన కట్టాలి, ఆ తెల్లగుడ్డ ఇలా పట్టుకో అంది.