కోడ్ కరెక్టే, సర్వర్ గడియారమే తప్పు

నిన్న రాత్రి హన్మకొండలో ఇంటి నుంచి ఆఫీసు సర్వర్‌లోకి లాగిన్ అవుదామంటే ఓటీపీ తీసుకోవడమే లేదు. ఫోన్లోని అథెంటికేటర్ యాప్ చూపించే ఆరంకెలు చూసి కొడుతున్నా, మళ్లీ అదే ప్రాంప్ట్. కాజీపేట నుంచి తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, నాకూ పోతలేదు" అన్నాక టెన్షన్ మొదలైంది, కానీ ఇద్దరికీ ఒకేసారి ఆగిందంటే తప్పు మా ఫోన్లలో ఉండదని కూడా అప్పుడే అర్థమైంది.

అదృష్టం, పొద్దున తెరిచిన ఒక ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) సెషన్ ఇంకా నడుస్తోంది. అందులో 'డేట్' కమాండ్ కొడితే సర్వర్ టైమ్ నాలుగు నిమిషాలు వెనక ఉంది. ఈ కోడ్ రహస్య కీ, టైమ్ కలిపి లెక్కగట్టేది, 30 సెకన్లకోసారి మారుతుంది (2011లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6238 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలోని పద్ధతి). సర్వర్‌లో ఈ కోడ్‌ను సరిచూసే గూగుల్ అథెంటికేటర్ పామ్ మాడ్యూల్ (పామ్ అంటే లైనక్స్‌లో లాగిన్ తనిఖీలు చూసే వ్యవస్థ) మామూలుగా ఇప్పటి కోడ్‌తో పాటు ముందొకటి, వెనకొకటి మాత్రమే ఒప్పుకుంటుంది, నాలుగు నిమిషాల తేడాను అది భరించదు. టైమ్‌జోన్ వేరైతే ఫర్వాలేదు, లెక్క 1970 జనవరి 1 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) నుంచి గడిచిన సెకన్లతోనే. చూస్తే సర్వర్ గడియారాన్ని నెట్ నుంచి సరిచేస్తూ ఉండే క్రోనీ అనే ప్రోగ్రామ్ ఆగిపోయి ఉంది. స్టార్ట్ చేసి గడియారం సరిచేయగానే తమ్ముడు లోపలికి వెళ్లాడు.

అసలు కోడే అడగకపోతే మాత్రం వేరే సంగతి, ఎస్ఎస్‌హెచ్‌డీ (సర్వర్ వైపు ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రామ్) సెట్టింగ్స్ ఫైల్‌లో 'యూజ్ పామ్', 'కేబీడీ ఇంటరాక్టివ్ అథెంటికేషన్' రెండూ 'యెస్' (yes) అని ఉన్నాయో లేదో చూడండి. ఏది మార్చినా ఇంకో సెషన్ తెరిచే ఉంచండి, దండం పెట్టి చెప్తున్నా. ఫోన్ కోడ్ పనిచేయనప్పుడు వాడే ఎమర్జెన్సీ కోడ్‌లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను.