చలికాలం, తొమ్మిది వారాలు: ఇంట్లో ఏ మూల ఎంత చలి?

మొదటి వారం

ఈ చలికాలం ఇంటి అవసరాలు వీలైనంతవరకు ఇంట్లోనే తీర్చుకోవాలని, కొనేదీ కాల్చేదీ తగ్గించాలని అనుకున్నాను. పోయినేడాది కూడా ఇలాగే అనుకుని ముందుగా సామాన్లు కొన్నాను. జాడీలు, మైనం, అచ్చులు, రకరకాల డబ్బాలు. సగం అటకెక్కాయి. అందుకే ఈసారి వారం రోజులు ఏమీ కొనకుండా ఇల్లు గమనించడంతో మొదలుపెట్టాను. చేతిలో ఉన్నవి గాలిలో తేమ కూడా చూపించే చిన్న డిజిటల్ థర్మామీటర్, ఒక నోటుబుక్కు, అంతే.

పొద్దున 6 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 10 గంటలకు థర్మామీటర్‌ని ఒక్కో చోట పెట్టి, పావుగంట ఆగి అంకె రాసుకున్నాను. ఇంత తేడా ఉంటుందని నిజంగా అనుకోలేదు. ఫ్రిజ్ పైన 23 డిగ్రీలు. ముందుగది మధ్యలో 18. అదే గదిలో నేల మీద 16, తలకు పైన 20. పడకగదిలో 15. మెట్ల కింద అలమరలో 9. ఎండ పడని వెనక వరండాలో, గోడకి ఆనించిన అరలో పొద్దున 4, మధ్యాహ్నం 6. ఒకే ఇంట్లో అయిదారు రకాల వాతావరణాలు ఉన్నట్టు. ఇన్నేళ్లూ ఇల్లంతా ఒకేలా వెచ్చగా ఉండాలని చూశాను కానీ, ఏ పనికి ఏ మూల సరిపోతుందో ఒక్కసారైనా చూడలేదు.

ఆ అంకెలన్నీ ఒక కాగితం మీద ఇంటి పటం గీసి అందులో వేశాను. వంటగది తలుపుకి అంటించాను. తర్వాతి వారాల్లో చేసిన ప్రతి పనీ ఆ కాగితం చూసి చేసిందే.

రెండో వారం

ముందు గాలి చొరబడే సందులు. గాలి ఎక్కువగా ఉన్న రోజు చూసి, వెలిగించిన అగరువత్తిని కిటికీ అంచుల వెంట, తలుపు కింద నెమ్మదిగా తిప్పాను. పొగ నిటారుగా లేస్తే సందు లేనట్టు, పక్కకి వంగితే ఉన్నట్టు. కర్టెన్లు దగ్గర లేకుండా చూసుకుని చేయాలి. మొత్తం ఏడు చోట్ల పొగ వంగింది. అందరూ కిటికీలనే అనుమానిస్తారు, నేనూ అంతే. కానీ అన్నిటికంటే ఎక్కువ గాలి వచ్చింది వీధి తలుపు కింది నుంచి. పాత ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, చిరుగు బట్టలు కుక్కి, రెండు చివరలూ కుట్టి అక్కడ అడ్డంగా పెట్టాను. గంట పని, ఖర్చు లేదు. మర్నాడు పొద్దున నేల మీద 16 కాస్తా 17న్నర అయింది.

ఒక జాగ్రత్త ఇక్కడే రాస్తాను, ఎందుకంటే ఇందులో పొరపాటుకి చోటు లేదు. గ్యాస్ పొయ్యి, కట్టెల పొయ్యి, ఏదైనా మంట ఉన్న గదిలో గాలి కోసం వదిలిన రంధ్రాలను మూయకూడదు. బొగ్గుల కుంపటిని ఇంట్లో పెట్టుకోకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మంట వాడే ఇంట్లో దాన్ని పసిగట్టే అలారం ఉండి తీరాలి. అప్పటివరకు మేము కొన్న కొత్త వస్తువు అదొక్కటే.

మూడో వారం

సందులు మూసినందుకు ఫలితం మరోవైపు కనిపించింది. పడకగది కిటికీ అద్దం మీద నీళ్లు, గోడ మూలలో సన్నగా నల్ల మచ్చ. తేమ 74 శాతం చూపించింది. 40 నుంచి 60 మధ్య ఉంటే ఆరోగ్యానికీ గోడలకీ మంచిది. తడి బట్టలు ఆ గదిలోనే ఆరేస్తున్నాం మరి. ఒక వాయి బట్టలను ఆరేసే ముందు, ఆరిన తర్వాత తూకం వేశాను. తేడా 1.9 కిలోలు. అంటే దాదాపు రెండు లీటర్ల నీళ్లు మేము పీల్చే గాలిలోకే పోతున్నాయి.

చేసిన మార్పులు రెండే. మెషీన్‌లో బట్టలను రెండోసారి కూడా పిండిస్తున్నాను. రోజుకి రెండుసార్లు ఎదురెదురు కిటికీలు బార్లా తెరిచి, 7 నిమిషాలు ఆగి మూసేస్తున్నాను. చలిలో కిటికీలు తెరవడమేమిటని ఇంట్లో గొడవే అయింది. కానీ గదిలో వేడి ఎక్కువగా ఉండేది గోడల్లో, సామాన్లలో. గాలిలో ఉండేది చాలా తక్కువ. గాలి త్వరగా మారిపోతుంది, గోడలు చల్లబడవు, మూశాక పావుగంటలో గది మళ్లీ మామూలైపోతుంది. కొంచెంగా తెరిచి రోజంతా వదిలేస్తే గోడలు కూడా చల్లబడతాయి. అదే అసలు నష్టం. వారం తిరిగేసరికి తేమ 58కి దిగింది. మచ్చ తుడిచాక మళ్లీ రాలేదు.

నాలుగు, అయిదు వారాలు: వేడిపెట్టె

ఈ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే, అందుకే వివరంగా రాస్తున్నాను.

గిన్నె ఒకసారి మరిగాక పొయ్యి ఇచ్చే వేడిలో ఎక్కువ భాగం చుట్టూ గాలిలోకి పోయేదాన్ని భర్తీ చేయడానికే ఖర్చవుతుంది. ఆ పోయేదాన్ని ఆపగలిగితే పొయ్యి ఆర్పేసినా ఉడుకుతుంది. పూర్వం గడ్డి నింపిన పెట్టెల్లో పెట్టేవారు. మా ఇంట్లో పాత చెక్కపెట్టె ఉంది. అడుగున అట్టముక్కలు నాలుగు వరసలు, చుట్టూ పాత దుప్పట్లు, పైన చిరిగిన బొంతని దిండులా కుట్టి మూతగా పెట్టాను. ఏ వైపు చూసినా కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉండేలా చూసుకున్నాను. గిన్నెకీ బట్టకీ మధ్య ఖాళీ లేకుండా బిగుతుగా ఉండాలి. గిన్నెకి పొడుగు పిడి ఉంటే సరిగా కూర్చోదు, రెండు పక్కలా చెవులున్న గిన్నె మేలు.

మొదటి పరీక్ష మామూలు నీళ్లతోనే చేశాను. 4 లీటర్ల గిన్నె నిండా మరిగిన నీళ్లు పోసి పెట్టెలో పెడితే నాలుగు గంటల తర్వాత 82 డిగ్రీలు ఉన్నాయి. అదే గిన్నెలో లీటరు మాత్రమే పోసి పెడితే 61కి పడిపోయాయి. కారణం తేలికే. నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత వేడి నిలవ ఉంటుంది, బయటికి పోయే దారి మాత్రం గిన్నె సైజుని బట్టే. కాబట్టి వేడిపెట్టెకి గిన్నె నిండుగా ఉండాలి. ఒక్కరి కోసం చిన్నగా వండుకునేవాళ్లు చిన్న గిన్నె, చిన్న పెట్టె చేసుకోవాలి.

కూరగాయల పులుసు: 10 నిమిషాలు మరిగించి, మూత తీయకుండా పెట్టెలో గంటన్నర. బియ్యం: 5 నిమిషాలు మరిగించి 40 నిమిషాలు. నీళ్లు ఆవిరైపోవు కాబట్టి మామూలు కన్నా కొంచెం తక్కువ పోయాలి. మొదటిసారి అది తెలియక జావలా అయింది.

రాజ్మా విషయంలో మాత్రం కచ్చితంగా ఉండాలి. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే ప్రోటీన్ కడుపుని బాగా పాడు చేస్తుంది. తక్కువ వేడి మీద ఉడికితే అది పోదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లుతుండగా అరగంట ఉడికించాకే నేను పెట్టెలో పెడుతున్నాను. తర్వాత మూడు గంటలకి గింజ వేళ్ల మధ్య మెత్తగా నలుగుతుంది. ఏ వంటైనా సరే, తీసినప్పుడు థర్మామీటర్ పెట్టి చూస్తాను. 60 డిగ్రీల కన్నా పైనుంటే వడ్డిస్తాను. నీళ్ల పరీక్షలో 61 వచ్చాక సగం గిన్నె వంటలు ఇందులో పెట్టడం మానేశాను. రాత్రంతా వదిలేసి పొద్దున తినే పని కూడా పెట్టుకోలేదు.

ఈ పెట్టె వల్ల అనుకోని మేలు ఇంకోటి జరిగింది. మా వంటగది 16 డిగ్రీలే ఉంటుంది కాబట్టి పెరుగు తోడుకోవడం లేదు, రొట్టె కోసం పులియబెట్టిన పిండి పొంగడం లేదు. గోరువెచ్చని పాలలో, అంటే 42 డిగ్రీల దగ్గర, తోడు వేసి పెట్టెలో ఉంచితే ఏడు గంటల్లో గట్టిగా తోడుకుంది. పిండికి అంత వేడి పనికిరాదు. పిండి గిన్నె పక్కన వెచ్చని నీళ్ల సీసా ఒకటి పెట్టాను. పెట్టెలో 26 డిగ్రీలు నిలిచింది, అయిదు గంటల్లో పిండి రెట్టింపు అయింది. అంతకుముందు రోజంతా పట్టేది.

ఆరో వారం

చల్లని మూలల వంతు. బంగాళదుంపలు మెట్ల కింద అలమరలోకి చేరాయి. అక్కడ 9 డిగ్రీలు, చీకటి. వాటికి ఇంతకంటే మంచి చోటు ఇంట్లో లేదు. ఫ్రిజ్‌లో పెడితే పిండిపదార్థం చక్కెరగా మారి తియ్యబడతాయి. వెలుతురు తగిలితే ఆకుపచ్చగా మారి చేదెక్కుతాయి, అలాంటివి తినకూడదు. ఉల్లిపాయలు పొడిగా, గాలి ఆడేలా ఉండాలి కాబట్టి వలసంచిలో వేసి వేరే చోట వేలాడదీశాను. క్యారెట్లు ఆకులు కోసేసి, కడగకుండా, తడి ఇసుకలో పొరలు పొరలుగా పేర్చి వెనక వరండా అరలో పెట్టాను. ఇసుక పిడికిట పడితే ఉండ కట్టాలి, నీరు కారకూడదు. యాపిల్స్ ఆ దరిదాపుల్లో పెట్టలేదు. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు క్యారెట్లను చేదు చేస్తుంది. మూడు వారాలుగా ప్రతి ఆదివారం అన్నిటినీ చేత్తో తడిమి చూస్తున్నాను. మెత్తబడిన దుంప ఒక్కటి దొరికింది. దాన్ని వెంటనే తీసేయకపోతే చుట్టూ ఉన్నవి కూడా పోయేవి.

ఏడో వారం

క్యాబేజీ పులియబెట్టడం. మొదటి జాడీ పాడైంది. ముక్కలు కొన్ని ఉప్పునీటి పైకి తేలాయి, వాటి మీద నీలం రంగు బూజు నూగుగా పట్టింది. పైది తీసేసి మిగతాది వాడేద్దామా అని ఇంట్లో అడిగారు. వద్దన్నాను, మొత్తం పారబోశాను. కష్టపడి సన్నగా తరిగింది అలా పోతే మనసు ఊరుకోదు, కానీ రంగుతో నూగుగా ఉన్న బూజు అయితే అంతా పారేయాల్సిందే. పల్చని తెల్లటి పొర మాత్రమే అయితే అది ఒక రకం ఈస్ట్, తీసేస్తే చాలు.

రెండోసారి 2.4 కిలోల క్యాబేజీకి 48 గ్రాముల ఉప్పు, అంటే సరిగ్గా 2 శాతం. చెంచాల కొలత నమ్మకండి, కల్లుప్పు చెంచాకీ మెత్తటి ఉప్పు చెంచాకీ బరువులో చాలా తేడా. నీరు ఊరేదాకా 10 నిమిషాలు చేత్తో పిసికి, జాడీలో గాలి లేకుండా అదిమాను. పైన పెద్ద ఆకు ఒకటి మూతలా పరిచి, దాని మీద నీళ్లు నింపిన చిన్న గాజు గ్లాసు బరువుగా పెట్టాను. ముందుగదిలో 18 డిగ్రీల చోట ఉంచి, రోజూ మూత కాస్త వదులు చేసి గ్యాస్ పోనిచ్చాను. మూడో రోజు బుడగలు, పదో రోజు చక్కటి పులుపు. మూడు వారాలయ్యాక వరండా అరలోకి మారుస్తాను. అక్కడ చలికి పులియడం బాగా నెమ్మదిస్తుంది, ఇక ఫ్రిజ్‌తో పని లేదు.

ఎనిమిదో వారం

కిటికీ దగ్గర ఆకుకూరలు పెంచడం కుదరలేదు. పగలు పొట్టి కావడంతో ఆవ మొలకలు వెలుతురు కోసం సన్నగా సాగి పడిపోయాయి. వెల్లుల్లి రెబ్బలు మాత్రం నిరాశపరచలేదు. మొలక వచ్చిన రెబ్బల్ని వెడల్పాటి మట్టి తొట్టిలో గుచ్చితే 15 సెంటీమీటర్ల పచ్చటి కాడలు వచ్చాయి. రెండుసార్లు కోశాను. పెసల మొలకలకి వెలుతురే అక్కర్లేదు. రాత్రి నానబెట్టి, రోజుకి మూడుసార్లు కడిగి, ఫ్రిజ్ పైన ఆ 23 డిగ్రీల చోట ఉంచితే రెండు రోజుల్లో తయారు. వెచ్చదనం, తడి కలిసిన చోట బాక్టీరియా కూడా పెరుగుతుంది కాబట్టి ఉడికించే తింటున్నాం.

కొవ్వొత్తుల తయారీ మానేశాను. మైనం కొనాలి, వత్తి కొనాలి, అది స్వయంసమృద్ధి ఎలా అవుతుంది? ఆ సమయం ఊలు సాక్సుల చిరుగులు రఫ్ఫు చేయడానికి పెట్టాను. మడమ లోపల స్టీలు గ్లాసు దూర్చి, చిరుగు చుట్టూ ఒక సెంటీమీటరు బాగున్న ఊలు కూడా కలిసేలా దారం నిలువుగా పోసి, తర్వాత అడ్డంగా ఒకటి పైకి ఒకటి కిందకి అల్లుతున్నాను. దారం లాగి బిగించకూడదు, ముడత పడి కాలికి గుచ్చుకుంటుంది. ఆరు జతలు పూర్తయ్యాయి. పగటి వెలుతురు ఉన్నప్పుడే కుడుతున్నాను, రాత్రి లైటు కింద ముదురు రంగు దారం కనిపించదు.

తొమ్మిదో వారం

పడకగదిని వేడి చేయడం పూర్తిగా ఆపేశాం. నిద్రకి అరగంట ముందు పక్కలో వేడినీళ్ల రబ్బరు సంచి పెడుతున్నాం. మరిగే నీళ్లు పోయకూడదు. మూడింట రెండు వంతులే నింపి, గాలి పిండేసి బిరడా బిగించాలి. పైన బట్ట తొడుగు ఉండాలి. సంచి మూతి దగ్గర పువ్వు గుర్తు మధ్యలో తయారైన సంవత్సరం ఉంటుంది. రెండేళ్లు దాటితే మార్చేయడం మంచిది. మా పాత సంచి చూస్తే ఎప్పుడో దాటిపోయింది, మెడ దగ్గర సన్నటి బీటలు కూడా ఉన్నాయి. ముక్కలుగా కోసి గిన్నెల కింద వేసుకోవడానికి ఉంచాను.

ప్రతి ఆదివారం రాసుకున్న కరెంటు మీటర్ లెక్క: మొదటి వారం 61 యూనిట్లు, ఈ వారం 44. బయట చలి అప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ. ఇందులో వేడిపెట్టె వాటా ఎంత, పడకగది హీటర్ ఆపినందువల్ల ఎంత అన్నది విడదీయడానికి వచ్చే వారం హీటర్ ఆపే ఉంచి, వంట మాత్రం మామూలుగా పొయ్యి మీదే చేసి మీటర్ చూస్తాను. ఇంకా మిగిలిన పనులు: ముందుగది కిటికీకి పాత దుప్పటితో రెండో కర్టెన్, మెట్ల అలమర తలుపు సందు, ఇసుకలో అడుగు వరస క్యారెట్లు తీసి చూడటం.