118 మెట్లు, ఆ పైన జాలీ

మూడో అంతస్తు బాల్కనీలోంచి కిందికి చూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి. అలాంటిది లండన్ క్యూ గార్డెన్స్‌లో చెట్ల తలల మీదుగా వేసిన నడకదారి ఎక్కానంటే, అది నాన్న వల్ల. అక్టోబరులో అమలాపురం నుంచి మా ఇంటికి వచ్చారు. రెండు మ్యూజియంలు చూపిస్తే "బాగానే ఉన్నాయి" అని ఊరుకున్నారు. చెట్లు చూద్దాం అనగానే నాకంటే ముందు గుమ్మంలో నిలబడ్డారు.

టికెట్టు ఆన్‌లైన్‌లో ముందే కొంటే గేటు దగ్గర కంటే తక్కువ పడుతుంది. నడకదారికి వేరే టికెట్టు అక్కర్లేదు. ఈదురుగాలి ఉంటే మూసేస్తారని తెలిసి, ఆ పొద్దున కాస్త గాలి వీస్తే బాగుండునని మనసులో అనుకున్న మాట నిజమే. ఆకు కదల్లేదు.

టెంపరేట్ హౌస్ అనే పెద్ద గాజు భవనానికి దగ్గర్లోనే ఉంది ఆ నడకదారి. నాన్న స్తంభం మీద వేలితో కొట్టి చూశారు.

"ఇదేంటే అమ్మాయీ, అంతా తుప్పే!"

ఈ రకం ఉక్కుకి పైన పట్టే తుప్పు పొరే లోపలి ఇనుముకి కాపలా అనీ, 2008లో తెరిచారనీ, లండన్ ఐ చక్రాన్ని డిజైన్ చేసిన మార్క్స్, బార్‌ఫీల్డ్ దంపతులే దీన్నీ డిజైన్ చేశారనీ చెప్పాను. "ఆ చక్రం తిరుగుతోందిగా, అయితే పర్లేదు" అన్నారు.

లిఫ్టు ఉంది. "అది ముసలాళ్లకి" అంటూ ఆయన మెట్లెక్కేశారు. 118 మెట్లు. కమ్మీ వదలకుండా లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. మెట్లు పర్లేదు. అసలు టెన్షన్ పైకెళ్లాక మొదలైంది. 18 మీటర్ల ఎత్తు, కాళ్ల కింద జల్లెడలాంటి జాలీ. దాంట్లోంచి కింద నడిచేవాళ్ల నడినెత్తులు కనిపిస్తున్నాయి. ఎవరో పిల్లలు పరిగెత్తితే సన్నగా ఊగింది. అక్కడే ఆగిపోయాను.

నాన్న వెనక్కి వచ్చారు. "కిందికెందుకు చూస్తావు? కొబ్బరి దింపు తీసేవాడు కిందికి చూస్తాడా? చేతికందే గెలని చూస్తాడు."

సరే, చేతికందేదేమిటా అని చూశాను. చెస్ట్‌నట్ కొమ్మ. దాని కాయలు ఉమ్మెత్త కాయల్లా ఒళ్లంతా ముళ్లు. కొన్ని పగిలి లోపల గోధుమరంగు గింజలు మెరుస్తున్నాయి. ఆ పక్కన ఓక్, ఇంకాస్త ముందు లైమ్ చెట్లు. లైమ్ అంటే నిమ్మ కాదు, నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఒక్కో కొమ్మ చూసుకుంటూ 200 మీటర్ల చుట్టు ఎప్పుడు పూర్తయిందో తెలీలేదంటే అబద్ధం. ప్రతి అడుగూ తెలిసింది. కానీ పూర్తయింది.

నాన్న మాత్రం ఒకచోట చాలాసేపు నిలబడిపోయారు. "యాభై ఏళ్లు మన కొబ్బరిచెట్లని కింద నుంచే చూశాను. పైన ఇలా ఉంటుందని దింపువాళ్లు ఒక్కడూ చెప్పలేదు."

ఇంకో చుట్టు వేస్తానన్నారు. నేను లిఫ్టులో దిగిపోయాను. కింద బెంచీ మీద కూర్చుని తలెత్తితే, జాలీలోంచి ఆయన బూట్ల అడుగులు నెమ్మదిగా కదులుతూ కనిపించాయి.