బందరులో మా రెండేళ్ళ బడి

1977 జూన్‌లో మన మహిళా సమాజం నడిపిన కండెన్స్‌డ్ కోర్సులో, అంటే చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్ళ కోసం పెట్టిన పొట్టి కోర్సులో, చేరేటప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఏడో తరగతి మధ్యలో బడి మానిపించి పెళ్ళి చేశారు. మళ్ళీ పలకా బలపం పట్టుకుంటానని కలలో కూడా అనుకోలేదు. పక్కింటి పిన్నిగారు "రెండేళ్ళు కష్టపడితే టెన్త్ రాయొచ్చటే, ఫీజు కూడా లేదు" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. తీసుకురావడమే కాదు, నలభై దగ్గర పడుతున్న ఆవిడ కూడా నా పక్కనే చాప మీద కూర్చుని ఏబీసీడీలు దిద్దారు.

మొత్తం ఇరవై రెండు మందిమి. క్లాసు మధ్యాహ్నం ఒంటిగంటకు. అన్నాలు పెట్టి, గిన్నెలు తోమి, పని తెముల్చుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళం. చంటిపిల్లలున్నవాళ్ళు వెంటబెట్టుకొచ్చేవారు. పాఠం మధ్యలో ఒకరి బిడ్డ ఏడిస్తే, ఎవరి ఒళ్ళో చోటుంటే వాళ్ళ ఒళ్ళోకి చేరేది.

ఆ నవంబరు 19, శనివారం. ఆ ఉప్పెన గురించి బందరువాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేముంది? మా పెంకుటిల్లు సగం లేచిపోయింది. బియ్యం, బట్టలు, నా పుస్తకాలు అన్నీ ఒక్కటిగా తడిసి ముద్దయ్యాయి. మాలో ఒకామె పుట్టిల్లు ఆ ఉప్పెన ముంచేసిన దివిసీమ. ఆమె మళ్ళీ క్లాసుకు రావడానికి జనవరి అయింది. వచ్చాక కూడా చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మేమూ ఏమీ అడగలేదు, పక్కన జరిగి చోటిచ్చాం.

సమాజం గది తలుపులు మళ్ళీ తీసిన రోజున ఏడుగురిమే వచ్చాం. చదువు మానేద్దామన్న మాట అందరి నోటి దాకా వచ్చి ఆగింది. అప్పుడు మా తెలుగు టీచరుగారు పుస్తకం తెరవలేదు. "ఈ ఊళ్ళోనే డెబ్భై అయిదేళ్ళ కిందట ఏం జరిగిందో తెలుసా మీకు?" అని మొదలుపెట్టారు. భండారు అచ్చమాంబగారి పేరు నేను మొదటిసారి విన్నది అప్పుడే.

అచ్చమాంబగారు 1874లో పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నప్పుడే పెళ్ళయింది. బడి మెట్లెక్కలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగు, హిందీ పట్టుకున్నారు. తర్వాత ఇంకొన్ని భాషలు నేర్చుకున్నారు. కన్నబిడ్డలు ఇద్దరూ పోయారు. ఆ దుఃఖంలోనే దేశంలోని గొప్ప స్త్రీల చరిత్రలు వెదికి వెదికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి మన బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఆడవాళ్ళు గడప దాటితేనే నలుగురూ నాలుగు మాటలనే కాలం. అలాంటి కాలంలో ఆడవాళ్ళే ఒకచోట చేరి సభ జరుపుకోవడం! అక్కడితో ఆగక ఊరూరా తిరిగి సమాజాలు పెట్టించారు. 1905లో పోయేనాటికి ఆమెకు నిండా ముప్పై ఒకటి లేవు.

టీచరుగారు చెప్పడం ఆపాక కాసేపు ఎవరం మాట్లాడలేదు. బిడ్డలు పోయిన మనిషి పుస్తకం రాసిందన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఇంటికెళ్ళి తడిసిన నోటుబుక్కుల కుట్లు విప్పి, కాగితం కాగితం విడదీసి దండెం మీద ఆరేశాను. సోషల్, ఇంగ్లీషు నోట్సులు సిరాతో రాసినవి. అక్షరం మిగల్లేదు, కాగితమంతా నీలం అలికినట్టయింది. లెక్కలు మాత్రం తప్పయితే చెరుపుకోవచ్చని పెన్సిలుతో చేసేదాన్ని. అవి చెక్కు చెదరలేదు. మట్టి మరకల కింద సాధారణ వడ్డీ లెక్కలు అలాగే ఉన్నాయి. ఆ రాత్రి లాంతరు దగ్గర కూర్చుని, ఆ పుస్తకంలోనే ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

మేం చదివిన కోర్సు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటి పిల్లలకు తెలియాలి. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగినావిడ. ఎనిమిదేళ్ళకు పెళ్ళి చేశారు, ఊహ తెలిశాక ఆ పెళ్ళి వద్దనుకున్నారు. కాకినాడలో ఆడపిల్లలకు హిందీ పాఠశాల నడిపారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు. జైలు నుంచి వచ్చాకే, బడికి వెళ్ళకుండా ప్రైవేటుగా రాయగలిగిన బెనారస్ మెట్రిక్కు పరీక్ష కట్టి, బి.ఏ., ఆపైన లా దాకా చదివారు. మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టి, తాను దాటిన ఆ బెనారస్ మెట్రిక్కుకే తోటి ఆడవాళ్ళను తయారు చేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆవిడే. ఆ బోర్డు 1958లో ఈ కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టి, మనలాంటి సమాజాలకు గ్రాంటు ఇచ్చింది. వయసు మీరాక చదవడమంటే ఏమిటో సొంతంగా అనుభవించిన మనిషి కాబట్టే ఆ ఆలోచన ఆవిడకు వచ్చిందని నా నమ్మకం.

పరీక్షకు అప్లికేషన్లు పెట్టేటప్పుడు ఫోటో కావాలన్నారు. నాకున్నది ఒక్క పెళ్ళి ఫోటో. మావారు సైకిల్ మీద కోనేరు సెంటరు దాకా తీసుకెళ్ళి స్టూడియోలో దింపారు. స్టూలు మీద ఒక్కదాన్నే కూర్చోబెట్టి లైట్లు వేశారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఒంటరిగా నేను దిగిన మొదటి ఫోటో అది. 1979 మార్చిలో పరీక్షలు రాశాం. లెక్కల పేపరు రోజు టెన్షన్‌తో అన్నం సహించలేదు. పేపర్లో రిజల్ట్స్ పడిన రోజు పిన్నిగారు తన నంబరు చూసుకోకముందే నా నంబరు వెతికారు. నేను పాసయ్యాను. ఆవిడ ఇంగ్లీషు పోయింది. అక్టోబరులో మళ్ళీ కట్టి పాసయ్యారు.

మన సమాజం సంచిక కోసం ఈ నాలుగు ముక్కలూ రాద్దామని కూర్చుంటే, ఆ ఇరవై రెండు మందిలో పద్నాలుగు పేర్లే గుర్తొచ్చాయి. రెండేళ్ళు ఒకే చాప మీద కూర్చున్నవాళ్ళం. ఆనాటి హాజరుపట్టీ సమాజం బీరువాలో లేదట. నా మట్టి మరకల లెక్కల పుస్తకం, హాల్ టికెట్ కోసం దిగిన ఆ ఫోటో కాపీ సమాజానికి ఇస్తున్నాను. మా బ్యాచ్ వాళ్ళ దగ్గర గానీ, వాళ్ళ పిల్లల దగ్గర గానీ పాత ఉత్తరం, గ్రూప్ ఫోటో, ఏదైనా ఉంటే తీసుకురండి. మిగిలిన ఎనిమిది పేర్లూ ఎవరికైనా గుర్తుంటే ముందు నాకు ఫోన్ చేసి చెప్పండి.