లారీ ఆపారు, కాగితం చూపించలేదు

మిర్యాలగూడలో ఒక మిల్లు వాళ్లు మా దగ్గరకన్నా బస్తాకు వంద ఎక్కువ ఇస్తామన్నారు. మిషన్‌తో కోయించిన సన్న వడ్లు 220 బస్తాలు లారీకెత్తి సాయంత్రం బయల్దేరాం. సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర అప్పటికే లారీలు బారులు తీరి ఉన్నాయి. "పక్క రాష్ట్రం వడ్లు రానియ్యొద్దని పైనుంచి చెప్పిన్రు" అన్నాడు కానిస్టేబుల్.

వాళ్ల భయం ఉత్తిదేమీ కాదు. బయటి ధాన్యం తెచ్చి అక్కడి కొనుగోలు కేంద్రాల్లో మద్దతు ధరకు అమ్మే దళారులున్నారు. కానీ నా సరుకు వెళ్లేది మిల్లుకు.

రెండో రోజు మధ్యాహ్నం టార్పాలిన్ ఎత్తి బస్తాలో చెయ్యి పెట్టా. లోపల వెచ్చగా తగిలింది. పిడికెడు తీసి వాసన చూస్తే ముక్కవాసన. టెన్షన్‌తో, హైకోర్టులో ప్రాక్టీసు చేసే మా బాబాయి కొడుక్కి ఫోన్ చేశా.

"గొడవ పెట్టుకోకన్నయ్యా, ఆపమన్న ఉత్తర్వు కాపీ అడుగు" అన్నాడు. దేశమంతా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగం 301వ అధికరణంలో ఉందట. రాష్ట్రం ఆంక్ష పెట్టాలంటే 304(బి) కింద శాసనసభ చట్టం చేయాలి, బిల్లుకు రాష్ట్రపతి ముందస్తు అనుమతి కావాలి, ఆంక్ష సహేతుకంగా ఉండాలి. నోటిమాట చాలదు. పైగా ధాన్యం రవాణాపై ఆంక్షలు ఎత్తేస్తూ కేంద్రం 2002లోనే ఉత్తర్వు ఇచ్చింది.

"అయితే మార్కెట్ సెస్సూ కట్టక్కర్లేదా?" అన్నా ఆశగా. నవ్వాడు. అందరికీ ఒకేలా వేసే పన్ను 301కి అడ్డు కాదని 2016లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం తేల్చేసిందట.

టీకొట్టు బల్ల మీద దరఖాస్తు రెండు కాపీలు రాశా. పాస్‌బుక్ జెరాక్స్, కాటా చీటీ, మిల్లు ఇచ్చిన లెటర్ జతచేశా. ఆఫీసర్ తీసుకోనన్నాడు. "తీసుకోనని రాసివ్వండి సార్, లేదా ఆ ఉత్తర్వైనా చూపించండి, కోర్టులో పెట్టుకుంటా" అన్నా. గొంతు వణికింది, దాచేదేముంది. ఆయన పక్కకెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు. రాత్రి పదకొండింటికి బారికేడ్ జరిగింది. రసీదు మాత్రం ఇవ్వలేదు. వెనక లారీ రైతు నా దరఖాస్తుకు ఫొటో తీసుకున్నాడు.

మిల్లులో రంగు మారిందని బస్తాకు ఎనభై కోశారు. లారీ హాల్టింగ్ రెండు రోజులకు ఆరువేలు. ఊళ్లోనే అమ్మి ఉంటే పదహారు వందలు మిగిలేవి.