ఆరు నెలల్లో అన్న లైను

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక చిన్న ప్రెస్‌లో పందొమ్మిదేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. మామూలు రోజుల్లో పెండ్లి పత్రికలు, బిల్ బుక్కులు. ఎన్నికలొస్తే రాత్రి పదకొండు దాకా కరపత్రాలే. అన్ని పార్టీలవాళ్లూ వస్తారు.

ఈ మధ్య ఒకాయన వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అక్కా, 2021 కార్పొరేషన్ ఎలక్షన్ల ఫైలు ఉంటది గదా, తీయండి. ఫొటో మార్చి, కింద పేర్లు మారిస్తే చాలు" అన్నాడు. తీశాను. అందులో మూడో లైను: గెలిచిన ఆరు నెలల్లో నాలా (వాన నీళ్లు పోయే కాలువ) వెడల్పు చేయించి, రెండు పక్కలా గోడ కట్టిస్తాం. ఈ లైను ఉంచాలా అని అడిగాను. "అదే ముఖ్యం అక్కా, అది తీసేస్తే ఇంకేముంటది?" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2021 ఏప్రిల్ 30న ఆ లైనును నమ్మి ఓటేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

మా ఇల్లు హంటర్ రోడ్డు వైపు, లోతట్టులో ఉంటుంది. 2020 ఆగస్టు వానలకు ఇంట్లోకి మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి. బియ్యం తడిసిపోయాయి, పిల్లల సర్టిఫికెట్లు అట్టలైపోయాయి. అత్తమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురింటి మేడ మీదికి ఎత్తుకెళ్లాం. ఎనిమిది నెలలకు ఎన్నికలొచ్చాయి. ఆరు నెలలు అన్న మాట వినగానే పాణం నిమ్మళమైంది. ఎట్లా చేస్తావని ఒక్కరం కూడా అడగలేదు.

అప్పుడు ఇండిపెండెంట్‌గా ఇంకొకాయన నిలబడ్డాడు. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన కరపత్రం కూడా నేనే టైపు చేశాను, ఒకే రంగులో ఐదొందల కాపీలు. నోటుబుక్కు కాగితం మీద తనే రాసుకొచ్చాడు. నాలా మన డివిజన్‌లో మొదలుకాదు, పై చెరువుల నీళ్లు మన మీదుగానే పోవాలి. వెడల్పు చేయాలంటే కొన్ని గోడలు, ఇండ్లు తీయాలి, అందులో మనోళ్లవి కూడా ఉంటాయి. పైసలు రాష్ట్రం ఇయ్యాలె. నేను ఆఫీసుల చుట్టూ తిరుగుతా, మూడు నెలలకోసారి ఎక్కడిదాకా వచ్చిందో వచ్చి చెప్తా. అంతే రాశాడు.

"ఇట్ల రాస్తే ఎవరేస్తరు అన్నా?" అని అడిగింది నేనే.

"ఉన్నదే రాస్తున్న చెల్లె" అన్నాడు.

ఆయనకు నూరు ఓట్లు కూడా రాలేదు. 2023 జులైలో మా ఇంట్లోకి మళ్లీ నీళ్లొచ్చాయి. బస్తీవాళ్లమంతా పోయి గెలిచినాయన్ని నిలదీస్తే, నాలా మన చేతిలో లేదు, ఫండ్స్ పైనుంచి రావాలి, ఇండ్లు తీయాల్సొస్తది అన్నాడు. లైన్‌మన్ ఓట్లకు ముందు చెప్పిన మాటలే ఈయన రెండేళ్ల తర్వాత చెప్పాడు. ముందు చెప్పినాయన్ని మేము ఓడగొట్టాం. ఇక నిజం చెప్పాలని ఏ నాయకుడికి మాత్రం అనిపిస్తుంది? అబద్ధం వాళ్లదే కావచ్చు, దానికి గిరాకీ పెంచింది మాత్రం మేమే.

పెద్ద ఎన్నికల్లోనూ ఇదే చూశాను. 2018లో నిరుద్యోగులకు నెలకు 3,016 రూపాయల భృతి అన్నారు. మా తమ్ముడు ఎదురుచూస్తూనే ఉండిపోయాడు. 2019లో నిజామాబాద్‌లో గెలిచిన ఐదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపరు మీదే రాసిచ్చారు. బోర్డు వచ్చింది, సంతోషమే. కానీ అది మొదలైంది 2025 జనవరిలో. 2022లో మా హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లోనే సభ పెట్టి రైతుకు ఎకరానికి ఏడాదికి 15,000 అన్నారు. అధికారంలోకి వచ్చాక అది 12,000 అయింది. ఏ పార్టీనీ వెనకేసుకు రావడానికి నాకు మనసొప్పడం లేదు.

ప్రెస్‌లో పనిచేసేవాళ్లకు ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఎ సెక్షన్ బాగా తెలుసు. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల కరపత్రం మీద ప్రింటర్ పేరు, అడ్రసు, వేయించినవాళ్ల పేరు, అడ్రసు లేకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే మా ఓనరు కింది లైను రెండుసార్లు చూస్తాడు. పైన రాసిన హామీ నిజమా కాదా అని మాత్రం ఎవరూ చూడరు. మేనిఫెస్టోలో ఇచ్చే హామీలు ఆ చట్టం కింద అక్రమాలు కావని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత ఎన్నికల సంఘం, హామీలకు పైసలు ఎక్కడినుంచి తెస్తారో కూడా చెప్పాలని నియమావళిలో చేర్చింది. నా దగ్గరికి వచ్చిన ఒక్క కరపత్రంలోనూ ఆ లెక్క చూడలేదు. అడగాల్సింది ఇక మనమే.

మొన్న ఆదివారం పొదుపు సంఘం మీటింగుకు 2021 కరపత్రం పన్నెండు జిరాక్సులు తీయించి పట్టుకెళ్లాను. ఇంటికి ఒకటి ఇచ్చాను. ఓటడగడానికి ఎవరొచ్చినా ఇది చూపిద్దాం, నాలా పని ఎవరి చేతిలో ఉంది, పైసలు ఎక్కడివి, ఎవరి ఇండ్లు పోతాయి అని అడుగుదాం, చెప్పనివాళ్లకు ఓటేయొద్దు అన్నాను. ఒకామె కోపానికొచ్చింది. "ఇండ్లు పోతయని చెప్పినోనికి నేనెట్ల ఏస్త? మా ఇల్లు నాలా పక్కనే గదా" అంది. ఆమె మాట కొట్టిపారేసేది కాదు. చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇల్లు పోతే ఏమిస్తారో, ఎక్కడిస్తారో ముందే కాగితం మీద చెప్పాలని అది కూడా ప్రశ్నల్లో చేర్చాం.

లేవబోతుంటే మా సంఘంలో పెద్దామె అడిగింది, "మరి ఆ లైన్‌మన్ మళ్ల నిలబడ్తడా బిడ్డా?"

సాయంత్రం ఫోన్ చేశాను. ఈసారి వద్దని ఇంట్లోవాళ్లు పట్టుబడుతున్నారట. "మీ సంఘపోళ్లంతా ఒకసారి ఇంటికొచ్చి మాట్లాడుండ్రి" అన్నాడు. వచ్చే ఆదివారం పోతున్నాం.