మూడున్నర కిందికి రాకూడని లెక్క నాకు రెండున్నర వచ్చింది

చనిపోతున్న ఒక నక్షత్రం చుట్టూ ఉన్న వాయుమేఘంలో మామూలు కార్బన్-12 ఎంత, దానికంటే కాస్త బరువైన రకం కార్బన్-13 ఎంత అని తేల్చడం నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. గ్రహాలతో ఏ సంబంధమూ లేకపోయినా ఈ మేఘాల్ని గ్రహ నీహారికలంటారు. చిలీలో 5,000 మీటర్ల ఎత్తున 66 యాంటెన్నాలతో ఉన్న అల్మా రేడియో టెలిస్కోపు పాత డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అల్లూరులో మా ఇంట్లో నెట్ నత్త నడక. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఒక ఫైలు దిగేది. మూడుసార్లు కరెంటు పోయి మళ్లీ మొదటికొచ్చింది.

ప్రతి పదార్థం తనకే ప్రత్యేకమైన ఫ్రీక్వెన్సీల్లో వెలుగునిస్తుంది, గ్రాఫులో శిఖరంలా లేచే ఆ వెలుగునే గీత అంటాం. వెలిగే వేడి వాయువులో రెండు కార్బన్ల గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. విడదీయడం చాలా కష్టం. అందుకే మేఘంలో చల్లగా మిగిలిన చోట ఉండే కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకోవాలి. కార్బన్-13 ఉన్న అణువు కాస్త బరువు, కాబట్టి నెమ్మదిగా తిరుగుతుంది. మామూలుది 230.538 గిగాహెర్ట్జ్ దగ్గర కనిపిస్తే ఇది 220.399 దగ్గర కనిపిస్తుంది. పొరబడే ప్రసక్తే లేదు.

కార్బన్-12 గీత బలాన్ని కార్బన్-13 గీత బలంతో భాగిస్తే రెండున్నర వచ్చింది. సౌరకుటుంబంలో ఇది 90కి దగ్గరగా ఉంటుంది. ముసలి నక్షత్రాల్లో బాగా తగ్గుతుందని చదివాను కాబట్టి సంతోషంగా మా గైడ్ మేడంకు ఫోన్ చేశాను.

"రెండున్నరా? అది నక్షత్రం ఇచ్చిన లెక్క కాదమ్మా. లోపల కార్బన్-12ను కార్బన్-13గా మార్చే కార్బన్-నైట్రోజన్ చక్రం ఎంత తిరిగినా ఈ నిష్పత్తి సుమారు మూడున్నర దగ్గర ఆగిపోతుంది. నీ గీత ఎలా ఉందో ఒకసారి చూడు" అన్నారు.

ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ప్రోగ్రాంలో తప్పుందేమోనని వారం రోజులు వెతికాను. తీరా గీతను పెద్దది చేసి చూస్తే, కార్బన్-12 గీత పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా ఉంది.

ఆదివారం రొయ్యల గుంట దగ్గర నాన్న అడిగారు, వారమంతా ఏం చేశావని. ఆయన అప్పుడు గట్టు మీద వంగి, మోచేతి దాకా చెయ్యి నీళ్లలో ముంచి అరచెయ్యి కనబడుతుందా అని చూస్తున్నారు. నీళ్లు పచ్చగా చిక్కబడి, జానెడు లోతులోనే వేళ్లు మాయమయ్యాయి. "ఇదే నాన్నా. కార్బన్-12 ఎక్కువై మేఘం ఇట్టా చిక్కబడింది. పై పొర వెలుగే మనకు అందుతుంది, లోపలున్నది లెక్కలోకి రాదు. కార్బన్-13 తక్కువ కాబట్టి అడుగు దాకా కనబడుతుంది" అన్నాను.

"అయితే పల్చగా ఉండే చోట చూసుకోవాల" అన్నారాయన.

చేసింది అదే. వాయువు కదిలే వేగాన్ని బట్టి దాని వెలుగు ఫ్రీక్వెన్సీ పక్కకు జరుగుతుంది. కాబట్టి గీత రెండు అంచులూ అన్నిటికంటే వేగంగా కదిలే వాయువువి, అక్కడ సరుకు తక్కువ. మొత్తాన్ని ఒకేసారి భాగించకుండా వేగాన్ని బట్టి ముక్కలు చేసి భాగించాను. మధ్యలో రెండు. పక్కకు జరిగేకొద్దీ నాలుగు, ఏడు, చివరికి 11. ఆ తర్వాత కార్బన్-13 గీత డేటాలోని రొదలో (నాయిస్‌లో) కలిసిపోయింది. అంచుల్లో కూడా చిక్కదనం పూర్తిగా పోయిందని చెప్పలేను కనుక, థీసిస్‌లో "కనీసం 11" అని రాశాను. ఆ "కనీసం" ఎందుకో వివరించడానికి నాలుగు పేజీలు పట్టింది.